కిటికీ కింది మొక్కకు బూడిద తెగులు ఎందుకు రాలేదు

మామయ్యా, కజన్లక్ బస్సుకు పరుగెడుతున్నాను. పొయ్యిలో బనిత్సా ఉంది, వేడిగా తినండి. ఫ్లాక్స్ పూలమొక్కలకు బూడిద తెగులు పట్టింది. తెల్లపొడి కమ్మిన ఆకులు తుంచి కాల్చేయండి, ఎరువుగుంటలో మాత్రం పడేయకండి. గుబురు కాస్త పలచన చేసి గాలి ఆడనివ్వండి.

ఒక్కటే నాకు మొదట అంతుపట్టలేదు. వరసంతా తెల్లబడితే మీ కిటికీ కింది మొక్క ఒక్కటే నిగనిగలాడుతోంది. ఎందుకా అని వంగి చూస్తే ఆకుల మీద మజ్జిగ చారలు! "బ్రహ్మాండంగా ఉందమ్మా రోసిత్సా" అంటూ రోజూ నాకు ఖాళీ మజ్జిగ గ్లాసు తిరిగిచ్చేది మీరేగా?

జగ్గులో పుల్ల మజ్జిగ పెట్టాను. బాగా నీళ్లు కలిపి మొక్కలన్నిటికీ చల్లండి.

మరిచిపోయాను, గ్లాసులోది మీకు. కమ్మటి పెరుగుతో చిలికాను. ఇన్నాళ్లూ పుల్లగా ఉందని ఒక్కమాట అంటే కొరుక్కుతినేదాన్నా, మామయ్యా?