జామచెట్టుకు కట్టిన సీడీలు

నాన్నకు ఫ్లోరా వందనాలు. ఫోన్లో చెబితే మరిచిపోతారని కార్డు రాస్తున్నాను.

మన టీవీకి తగిలించే కంప్యూటర్ భాగాలు బిగించడానికి రంగు లైట్లు వెలిగే పెట్టె అడిగితే, పూర్ణా మార్కెట్ దగ్గర కంప్యూటర్ల దుకాణం నడిపే ఖయ్యూం గారు నవ్వేశారు.

"సినిమా సూడ్డానికి లైట్లేటికమ్మా? ఆ డబ్బుల్తో హార్డ్‌డిస్కులు రెండెట్టించుకో. ఒకటి పోయినా రెండోదుంటాది."

సరేనన్నాను. పోయిన అమ్మమ్మ చర్చిలో పాడిన పాటలు రెండింటిలోనూ దాచుకుందాం. ఆ పాటలున్నది ఒక్క సీడీలోనే. చిలకలను బెదరగొట్టడానికి అమ్మ జామచెట్టుకు కట్టిన సీడీల్లో అది లేదు కదా? కార్డు చదవగానే అన్నీ దింపి చూడండి. కొనబోయే కంప్యూటర్ పెట్టె పట్టాలి కాబట్టి టీవీ బల్ల కింది అర ఎత్తు కొలిచి రాయండి.

అమ్మకు ముద్దులు. ఈ ఏడు జామకాయలు చిలకలనే తిననివ్వమనండి.

మీ ఫ్లోరా