యముడి వేషంలో నా ఫోటో

దువ్వాడ

అక్కకి,

మైలలో ఉన్నాం కాబట్టి దండాలు పెట్టడం లేదు. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను. బావ ఎలాగూ కులాసాగానే ఉంటాడు. నేను బాగున్నాను, బెంగ పెట్టుకోకు. పెట్టుకున్నావని కూడా అనుకోవడం లేదులే. బావ నా నంబరు బ్లాక్ చేసి, నీ ఫోను కూడా తన జేబులోనే వేసుకుని తిరుగుతున్నాడట. అందుకే ఈ ఉత్తరం. మన పద్మనాభం ఊరి నుంచి రోజూ విశాఖ పూర్ణా మార్కెట్‌కి కూరలు తెచ్చే సూరమ్మ పిన్ని చేతికి ఇస్తున్నాను. బావ లేనప్పుడు చదువు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. మెస్సులో చారుకీ పప్పుకీ తేడా అడిగితే వంటవాడికే తెలియదు. గదిలో నలుగురం ఉంటాం, ఎవడి ఫోను వాడిది. నా పని గురించి ఊళ్లో సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. యముడి వేషం వేసుకుని రోడ్డు మీద నిలబడి, హెల్మెట్ లేని వాళ్లకి గద చూపించి "ఇంటికెళ్తావా, నాతో వస్తావా" అనడం నా ఉద్యోగం. సగం మంది నవ్వుతారు, మిగతావాళ్లు నా కాళ్ల దగ్గర కిళ్లీ ఉమ్మి పోతారు. పెట్టుడు మీసం చెమటకి ఊడిపోతుందని, నా సొంత మీసం చూసి పనిలోకి తీసుకున్నారు.

రోజూ పొద్దున్నే వేషంతో నా ఫోటో నేనే తీసి పంపాలి. అదే హాజరు. ఫోటోలో కిరీటం అంచు తెగితే చాలు, "ఏటి బావా, ఇది యముడా, దిష్టిబొమ్మా? మళ్లీ తీయి" అని, అందర్నీ బావా అనే పిలిచే మా సూపర్‌వైజర్ మెసేజ్ పెడతాడు. తిట్లు తిని తిని నేర్చుకున్నాను. ఎదురెండలో తీస్తే కిరీటం నీడ కళ్ల మీద పడి గుడ్డివాడిలా వస్తాను. ఆగిన లారీ పక్కన నీడలో నిలబడాలి. ఫోను కాస్త కిందకి పట్టి తీస్తే మనిషి ఎత్తుగా కనబడతాడు. తెర మీద మన మొహం చూసుకోకుండా, పైనున్న ఆ చిన్న కన్నం వైపే చూడాలి, అప్పుడు చూపు సూటిగా వస్తుంది. లెన్సు మీద బొగ్గు దుమ్ము ఉత్తరీయంతో తుడిచేసుకుంటాను. ఇప్పుడు నా ఫోటోలు చూస్తే నాకే భయం వేస్తుంది.

అమ్మమ్మ మంచం పట్టిందని నువ్వు ఫోన్ చేసిన రోజే సెలవు అడిగాను. "యముడికి సెలవేటి బావా" అని సూపర్‌వైజర్ నవ్వాడు. "పోనీ మంచి ఫోటో ఒకటి పంపరా, అమ్మమ్మకి సూపిత్తాను" అన్నావు నువ్వు. మామూలు చొక్కాలో నేను బాగున్న ఫోటో ఒక్కటీ లేదు అక్కా. అందుకని వేషంలో అన్నిటికంటే బాగా వచ్చింది పంపాను. అమ్మా నాన్నా పోయాక మనిద్దర్నీ పెంచిన మనిషి, మనవణ్ని కిరీటంలో చూసి మురిసిపోతుందనుకున్నాను.

సాయంత్రానికి పోయింది. బావ ఫోన్ చేసి, "నీ ఫోటో సూసి బెదిరి సచ్చిపోనాదిరా. తలకొరివి నాను ఎట్టీసినాను. పెద్దకర్మకి నువ్వు రాకు, ఊరోలు రానివ్వరు" అన్నాడు. కొడుకుల్లేని మనిషికి మనవడిగా నేను చేయాల్సిన కర్మ అది. నేనే చంపానని నమ్మాను. మర్నాడు గద పట్టుకుని రోడ్డు మీద ఏడుస్తుంటే జనం బళ్లు ఆపి మరీ ఫోటోలు తీసుకున్నారు. సంగతి విన్న సూపర్‌వైజర్, "నీ వేసానికి ఇంతకంటే సర్టిఫికెట్ ఏటి కావాల బావా" అన్నాడు.

నిన్న మార్కెట్లో సూరమ్మ పిన్ని కనబడితే మొహం చాటేయబోయాను. తనే చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రోజు మన ఇంట్లోనే ఉందట.

"నువ్వేటి సేసినావురా? మీ బావ ఆ ఫోను ముసల్దాని మొకం మీద ఎట్టి, 'ఎవులొచ్చినారో సూడవే, నిన్ను తీసుకెల్లిపోడానికొచ్చినాడు' అన్నాడు. నీ పేరు ఒక్కలూ సెప్పనేదు. అది వణికిపోయి దండం ఎట్టింది. సుట్టూ ఉన్నోలందరం నవ్వినాం. నానూ నవ్వినాను."

ఈ పొద్దున మంగలి దగ్గరికి పోయి మీసం తీయించేశాను. గుండు అక్కడికొచ్చి చేయించుకుంటాను, కానీ మళ్లీ మనసు మారకూడదని మీసం మాత్రం ఇక్కడే తీయించాను. తర్వాత కిరీటం పెట్టుకుని ఎప్పటిలాగే ఫోటో పంపితే, "ఎవుడ్రా నువ్వు" అని మెసేజ్ వచ్చింది. ఇంక ఆ ఉద్యోగం లేనట్టే.

పెద్దకర్మకి వస్తున్నాను. పిండం నేనే పెడతాను. బావ ఊరందరినీ పోగేసి గుమ్మం దగ్గర ఆపుతాడు, ఆపనీ. నువ్వు మాత్రం అందరి ముందూ ఆ ఒక్క మాట చెప్పు, అది రమణ ఫోటో అని అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదని. ఇన్నేళ్లలో నిన్ను ఇంకేదీ అడగలేదు.

పిల్లలకి నా ముద్దులు. పెద్దవాళ్లందరినీ అడిగానని చెప్పు. మంచం కింద అమ్మమ్మ ఇత్తడి చెంబు ఉంటుంది, ఎవరికీ ఇవ్వకు, దాచు.

ఒక్క సంగతి మిగిలింది. మా అక్క కూడా నవ్విందా అని పిన్నిని అడిగాను. తను బుట్టలో కూరలన్నీ బయటికి తీసి, మళ్లీ మొదటి నుంచి సర్దింది.

నువ్వు చెప్పు.

నీ తమ్ముడు,
రమణ