ఇంట్లో ఫోన్లన్నీ మావాడికే

జూలై 31, గురువారం

మళ్ళీ ఓట్లు మొదలు. ఈ ఏటి పాప్ పాటల పోటీలో మావాడి పేరుంది, మేమంతా పడిచచ్చే పాటల కుర్రాడిది. నేను నడిపే ఫ్యాన్స్ గ్రూపులో పిల్లలకి పండగ. నాకు మెడ నొప్పి.

బడి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మెసేజీలు. అడ్మినక్కా, లింకు తెరుచుకోవట్లేదు... అడ్మినక్కా, ఓటీపీ రాలేదు... అడ్మినక్కా, అవతలివాళ్ళు మనల్ని దాటేశారు, ఏడుపొస్తంది. ఏడవకండ్రా, ఆదివారం దాకా టైముంది అని పెట్టాను. ముప్పై నాలుగేళ్ళదాన్ని. తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పుకుంటున్నదాన్ని. ఆ సంగతి గ్రూపులో ఒక్కరికీ తెలియదు. డిగ్రీ చదివే పిల్లననుకుంటున్నారు. అనుకోనీ.

అత్తయ్య వంటింట్లోంచి — "ఏమే, మీవోడు గెలిచాడా లేదా? గెలిస్తే అన్నా ఆ ఫోను కిందపెడతావేమో."

ఆగస్టు 1, శుక్రవారం

ఓట్ల వారం జాగ్రత్తలు రాసిపెట్టమన్నారు. ప్రతిసారీ నేనే. మొదటి పీరియడ్ ఖాళీ... స్టాఫ్‌రూములో కూర్చుని రాశాను.

పాట ఎన్నిసార్లు విన్నామన్నదీ ఓట్లలో కలుపుతారు, మ్యూట్‌లో పెడితే లెక్కలోకి రాదు. సౌండు తగ్గించుకోండి గానీ పూర్తిగా ఆపొద్దు. ఒకే పాట తిప్పి తిప్పి వేస్తే మనిషి కాదు మిషను అనుకుంటారు, మధ్యలో వేరేవాళ్ళ పాట ఒకటి వినండి, చచ్చిపోరు. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు — నేనడిగినా సరే. తిట్టినవాళ్ళకి బదులివ్వొద్దు, బ్లాక్ చేసి మంచినీళ్ళు తాగండి. మావాడు ఓడిపోయాడని అన్నం మానెయ్యొద్దు, వాడు మానడు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నిట్లోంచీ ఓటెయ్యండి, పెద్దవాళ్ళని అడిగి.

అడిగి అన్న మాట ఎవరు చదువుతారు.

ఇంకొకటి రాసి కొట్టేశాను. మనం ఉన్నామని కూడా వాడికి తెలియదు, ఆ సంగతి తెలిసే ఇష్టపడండి — అని. శ్రావణ శుక్రవారం పూట పిల్లల గుండెల మీద రాయి ఎందుకని.

ఆగస్టు 2, శనివారం

ఈయన దాచేపల్లి ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్ దిగి వచ్చి పడుకున్నారు. దిండు పక్క నుంచి ఫోన్ తీసి ఓటు వేశాను. కళ్ళు తెరవకుండానే — "వేసుకో. మొన్న మా సూపర్‌వైజర్ ఎదురుగా మోగింది, మీవాడి పాట. పరువు తీశావు."

నేనూ అడగలేదు.

ఆగస్టు 3, ఆదివారం

సాయంత్రానికి ఓట్లు అయిపోయాయి. హమ్మయ్య.

లహరి ఈ రోజంతా పూనకంలో ఉంది. పక్క ఊరి పిల్ల. ఇక్కడ మా గురజాలలోనే ఇంటర్ మొదటి సంవత్సరం. దాని కాలేజీ బస్సు మా బడి ముందే ఆగుతుందని నాకు తెలుసు, దానికి తెలియదు. పొద్దున్నే వాయిస్ మెసేజ్ — "అక్కా, అమ్మ ఫోన్లో వేశా, తాత ఫోన్లో వేశా. నాన్న ఫేస్‌బుక్ పేజీ నా ఫోన్లోనే ఉంటదిగా, అందులోంచి కూడా వేశా!" వాళ్ళ నాన్న మాజీ సర్పంచి. ఆయనకి టైపింగ్ రాదు. ఊళ్ళో ఎవరి పుట్టినరోజైనా, ఎవరు పోయినా, ఆయన పేరు మీద శుభాకాంక్షలూ సంతాపాలూ పెట్టేది ఈ పిల్లే. సూపర్ రా అని పంపాను.

మధ్యాహ్నం పోటీవాళ్ళ ఫేస్‌బుక్ పోస్టు కింద అవతలి గ్రూపు అమ్మాయి ఒకతె, మావాడు స్టేజీ మీద పాడడు, పెదాలాడిస్తాడు అని రాసింది. లహరి అందుకుంది. ఏం రాసిందో ఇక్కడ రాయలేను. ఆ అమ్మాయినే కాదు, వాళ్ళమ్మని కూడా లాగింది. అదే మాట గ్రూపులోనూ పెట్టి, "దానికి ఇచ్చిపడేశా చూడండి" అంది. తీసెయ్ లహరీ అన్నాను. "తియ్యనక్కా. మావాణ్ణంటే ఊరుకుంటానా?" మళ్ళీ చెప్పాల్సింది. గోంగూర ఒలవమని అత్తయ్య పిలిచింది, పోయాను. నిజం చెప్పాలంటే ఓపిక లేక పోయాను.

ఆగస్టు 4, సోమవారం

స్టాఫ్‌రూములో సోషల్ సారు ఫోన్ నా ముందు పెట్టి — "చూశారా మేడం, ఈ పెద్దమనిషికి ఇదేం పొయ్యేకాలం?"

తెల్లచొక్కా, చేతులు జోడించిన ఫొటో. సాంబశివరావుగారు, మాజీ సర్పంచి. ఫొటో పక్కన, అక్షరం పొల్లుపోకుండా, లహరి తిట్టిన తిట్టు.

ఓటేశాక అకౌంటు మార్చుకోలేదు. నాన్న పేజీలోనే ఉండి తిట్టింది.

ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. ఊళ్ళో అవతలి పార్టీవాళ్ళకి దొరికింది. "కూతురి వయసు ఆడపిల్లని ఇంత మాటన్నవాణ్ణి మళ్ళీ సర్పంచిని చేద్దామా?" అని కింద రాసి మండలమంతా తిప్పుతున్నారు. సోషల్ సారు నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను, ఏం చెయ్యాలో తెలియక.

తొమ్మిదో తరగతిలో లెక్క తప్పు చేశాను. పిల్లలే దిద్దారు.

ఆగస్టు 5, మంగళవారం

మావాడు గెలిచాడు.

వీడియో పెట్టాడు. మీరు లేకపోతే నేను లేను అన్నాడు. చక్కగా నవ్వాడు. వాడి తప్పేం లేదు పాపం. రెండోసారి చూశాను, ఏమన్నా అనిపిస్తుందేమోనని... ఏమీ అనిపించలేదు. నాన్న పోయిన ఏడాది, కన్నీళ్ళు రాక రాయిలాగా తిరుగుతుంటే, మాచర్ల బస్సులో ఎవరి ఫోన్లోనో వీడి పాట విని గట్టిగా ఏడ్చాను. పక్కసీటు ఆవిడ మంచినీళ్ళిచ్చింది. ఆ పాటకి నేను రుణపడ్డాను, అందుకే ఈ గ్రూపు. ఇంత దూరం వస్తుందనుకోలేదు.

లహరి క్లాసు పిల్ల ఒకతి మన గ్రూపులోనే ఉంది. దాని వాయిస్ మెసేజ్, గుసగుసగా — "అక్కా, లహరి ఫోన్ వాళ్ళ నాన్న గోడకేసి కొట్టాడంట. కాలేజీ మానిపించాడంట. ఇంక ఇంట్లోనే ఉండమన్నాడంట."

సాంబశివరావుగారి పేజీ తీసి చూశాను. ఎవరి చేతనో రాయించినట్టున్నారు: ఆవేశంలో నోరు జారాను, ఆ అమ్మాయికీ వాళ్ళ తల్లికీ క్షమాపణలు. తనే అన్నానని ఎందుకు ఒప్పుకున్నారో అర్థం కాలేదు. పేజీ హ్యాక్ అయిందంటే సరిపోయేదిగా. అందరూ అదే అంటారుగా.

ఆగస్టు 6, బుధవారం

ఈయనతో చెప్పాను.

"నువ్వు తిట్టమన్నావా?"

"వద్దన్నా."

"మరి నీకెందుకా బాధ?"

"ఇంట్లో ఫోన్లన్నిట్లోంచీ వెయ్యమన్నది నేనే గదా. అకౌంటు మార్చుకోండ్రా అని ఒక్క మాట రాయలేదు. అన్నీ రాశా, అది తప్ప."

"వాళ్ళింటికి పోతావా ఏంది? బళ్ళో తెలిస్తే?"

అదే నా భయమూను. లెక్కల టీచరు, పాటల కుర్రాడి ఫ్యాన్స్ గ్రూపు నడుపుతుందంటే పేరెంట్స్ మీటింగ్‌లో నా మొహం ఎట్లా ఉంటుంది.

అత్తయ్య అంతా వింటూనే ఉంది. "పిల్ల చదువు పోతంటే మొగుడూ పెళ్ళాలు కూర్చుని వాదాలేంది? రేపు పోదాం పద. ఎల్లుండి మన వరలక్ష్మీ వ్రతం. బొట్టు పెట్టి పిలవటానికి వచ్చామంటే ఏ గడపలోనూ కాదనరు."

ఈయన నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

ఆగస్టు 7, గురువారం

ఒంటిపూట సెలవు పెట్టి ఆటోలో పోయాం.

అత్తయ్య కుంకుమ భరిణె తీసి లహరి వాళ్ళమ్మకి బొట్టు పెట్టింది. ఆవిడ మొహం ఉబ్బి ఉంది. లోపలి గది తలుపు వేసి ఉంది, ఆ వెనకే పిల్ల. వసారాలో సాంబశివరావుగారు. ఫొటోలో కంటే పెద్దవాడిలాగా ఉన్నారు.

చెప్పేశాను. అడ్మినక్క నేనే. ఓట్లు వెయ్యమన్నది నేనే. పిల్ల చిన్నది, నన్ననండి, కాలేజీ మానిపించకండి.

ఆయన నన్నూ అత్తయ్యనీ మార్చి మార్చి చూశారు. తర్వాత — "పంతులమ్మవి, నువ్వా?"

"అవునండీ."

"ఆ పాటలోడు నీకేమవుతాడమ్మా?"

 "ఏమీ కాడండీ" అన్నాను.

"ఏమీ కానోడి కోసం ఇంత మందా!" కోపంగా కాదు, నిజంగా ఆశ్చర్యంగా అన్నారు.

హ్యాక్ అయిందని చెప్పాల్సిందండీ అన్నాను. తల అడ్డంగా ఊపారు. "నా పేజీ నా కూతురు చూస్తదని ఊరందరికీ తెలుసు. నేను కాదంటే ఆ మాటన్నది పిల్లేనని తేలిపోద్ది. ఆడపిల్ల ఇంత బూతు మాట్లాడిందంట అని పదేళ్ళు చెప్పుకుంటారు. నన్నయితే రేపటికి మర్చిపోతారు. ఎలక్షన్ పోతే పోద్ది, పోనీ."

అత్తయ్య కొంగు నోటికడ్డం పెట్టుకుంది. 

"పంపిస్తా టీచరమ్మా, కాలేజీకి. సోమవారం నుంచే పంపిస్తా. ఆ గ్రూపు మూసెయ్. మూసేశానని నాకు మాటియ్యి."

ఇచ్చాను.

ఆగస్టు 8, శుక్రవారం

వ్రతం బాగా జరిగిందట. అందరూ అన్నారు. నా చేతులు చేశాయి, నేను లేను.

లహరి వాళ్ళమ్మ పేరంటానికి వచ్చింది. శనగలు కొంగులో కట్టుకుంటూ, నాకే వినపడేట్టు — "మూసేశావా అమ్మా? మూయొద్దని అన్నం తినటంలా అది. పంతం."

రేపు మూస్తానన్నాను.

ఆగస్టు 9, శనివారం

గ్రూపు మూయడం అంటే తలుపు వేసినట్టు కాదు. ఒక్కొక్కరి పేరు మీద నొక్కి ఒక్కొక్కరినీ తీసెయ్యాలి. తెలిసినదే, కానీ చేస్తుంటే తెలిసింది.

ముందు అందరికీ చెప్పాను. ఎందుకు అంటే, నాకు ఓపిక లేదన్నాను. లహరి పేరు ఎత్తలేదు. అక్కా ప్లీజ్... అక్కా మేమేం చేశాం... మీరూ పెద్దోళ్ళలాగే మాట్లాడతన్నారు. నేను పెద్దదాన్నేరా, నా వయసు ముప్పై నాలుగు, టీచర్ని అని రాశాను.  తర్వాత ఒకతె — "మా పిన్ని వయసు!" ఇంకొకతె — "టీచరా? అందుకే ఓటీపీ గురించి అన్నిసార్లు చెప్పేది." నవ్వుకున్నాను, కళ్ళు తుడుచుకుంటూనే.

చివరి జాగ్రత్త అని ఒకటి పెట్టాను. ఒకటో తారీఖున రాసి కొట్టేసిన మాటే: మనం ఉన్నామని కూడా వాడికి తెలియదు. తెలిసినవాళ్ళు మన ఇంట్లో ఉన్నారు. ముందు వాళ్ళ మొహం చూడండి.

అప్పుడు మొదలుపెట్టాను. పిడుగురాళ్ళ పిల్ల, వాళ్ళమ్మకి ఆపరేషనైన రోజు రాత్రంతా నాతో మాట్లాడింది. తీసేశాను. నరసరావుపేట నర్సింగ్ పిల్ల. తీసేశాను. మాచర్ల అన్నదమ్ములిద్దరూ ఒకే ఫోను. తీసేశాను. లహరి పేరు చివరికి ఉంచాను. ఫోను పగిలిపోయింది గనుక అది చూసి కూడా ఉండదు.

సాంబశివరావుగారికి మూసేశానండీ అని పంపాను. దండం బొమ్మ వచ్చింది. టైపింగ్ నేర్చుకుంటున్నారేమో.

ఆగస్టు 10, ఆదివారం

ఫోన్ మోగలేదు. బాగుందో బాగాలేదో తెలియడం లేదు. ఈయన అన్నారు, "ఇల్లు ఇంత సైలెంటుగా ఉంటే నాకు నిద్ర పట్టట్లేదే."

ఆగస్టు 11, సోమవారం

పొద్దున బడి గేటు దగ్గర కావాలనే నిలబడ్డాను. కాలేజీ బస్సు ఆగింది. లహరి దిగింది. ఫొటోలో కంటే చిక్కిపోయింది. పుస్తకాల సంచీ, నూనె పెట్టి బిగించిన జడ. ఎంత సంతోషమేసిందో... అక్కడే చేతులెత్తి దండం పెట్టబోయాను.

కాలేజీ వైపు పోవాల్సింది, నా వైపు వచ్చింది. నన్ను ఎట్లా గుర్తుపట్టిందో.

"మీ గొంతు తలుపు అవతల్నుంచి విన్నా అక్కా, సందులోంచి చూశా. మీరేనని అప్పుడే తెలిసింది."

బాగా చదువుకోమ్మా అన్నాను. తలాడించింది. మీ నాన్న నీ పేరు బయటికి రానియ్యకుండా తిట్లన్నీ తన నెత్తినేసుకున్నాడు, తెలుసా అని అడిగాను.

"తెలుసక్కా." దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నిజంగానే తిరిగాయి. "అందుకే ఈసారి మా ఇంట్లో ఫోన్లలో దేంట్లోనూ పెట్టలా."

"ఏంది పెట్టలా?"

"కొత్త గ్రూపు. నిన్న రాత్రి పక్కింటి పిల్ల ఫోన్లో మొదలుపెట్టాం. మీరు తీసేసినోళ్ళందరూ వచ్చేశారు. అడ్మిన్ నేనే." కళ్ళు తుడుచుకుంది, ముక్కు ఎగబీల్చింది, చిన్నగా నవ్వింది. "మిమ్మల్ని చేర్చమంటారా అక్కా?"

బడి గంట కొట్టారు. అది పరిగెత్తింది, నేను లోపలికి పోయాను. 

సాయంత్రం తెలియని నంబరు నుంచి లింకు వచ్చింది. దాని పక్కనే, అదే ఫోన్లో, సాంబశివరావుగారి నంబరు. ఆయనకిచ్చిన మాట. ఆయనకి చెబితే ఆ పిల్ల మళ్ళీ ఇంట్లోనే. చెప్పకపోతే...

అత్తయ్య అడుగుతోంది, "ఎవరే ఫోన్లో?" అని.

రెండిట్లో ఏదీ నొక్కలేదు ఇంకా.