ఒకే గోత్రం మొక్కజొన్నలు

బాబాయ్,

నువ్వు పోయి నేటికి ఏడాది. సీడ్ ఫారంలో సారు ఏరి ఇస్తే నువ్వు జత కలిపిన రెండు మొక్కజొన్న రకాల ఆకులూ ల్యాబ్‌కి పంపి, జన్యు గుర్తులు చూసి, ఏది ఏ గుంపుదో ఇవాళ తేల్చారు. రెండూ ఒకే గుంపువట.

"ఒకే గోత్రమోళ్లకి పెళ్లి చేశాం రా. హైబ్రిడ్‌కి బలం ఎట్టా వస్తది?" అన్నాడు సారు నవ్వుతూ.

ఆ హైబ్రిడ్ కంకులు పీలగా వచ్చినప్పుడు, పీచుకి కవర్లు సరిగ్గా తొడక్క పరాయి పుప్పొడి పడనిచ్చావని నిన్ను అందరి ముందూ తిట్టి గెంటేసింది ఈయనే.

"మరి మా బాబాయ్ సంగతేంది సార్?" అని అడిగాను.

"పోయినోడి గురించి ఇప్పుడెందుకు రా? పని చూడు."

చేతిలో ఉన్న కవర్ల కట్ట ఆయన కాళ్ల ముందు పడేసి వచ్చేశాను. రేపు రమ్మన్నా పోను.

నేరుగా ఇంటికెళ్లి, తప్పు నీది కాదని పిన్నికి చెప్పాను. సంతోషపడుతుందనుకున్నాను. ఆమె పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"ప్రతి కంకికీ తొడిగానే అని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పాడయ్యా. నేనూ నమ్మలేదు" అంది.