బట్టలు వదులు, బతుకు తేలిక

ఆదివారం

సైకిలెక్కని మీరందరూ అబద్ధాలకోర్లు. ఎందుకెక్కరంటే బట్టలంటారు. నలుగుతాయట, చెమట పడుతుందట, ఆఫీసులో బాగుండదట. ఈ డైరీ అచ్చుకిస్తాను గనక మొహం మీదే చెబుతున్నాను: బద్ధకం మీది, నింద బట్టలది.

నాకెందుకింత మంట? పోయిన నెల మా అమ్మాయి సైకిల్ మీద కాలేజీకి పోతుంటే ఒక కారు రాసుకుపోయింది. మోచెయ్యి దోక్కుపోయింది. నల్లచొక్కా వేసుకుంది కాబట్టి కనబడలేదన్నాడు కారాయన. మిట్టమధ్యాహ్నం! అప్పటినుంచి సైకిల్ బాల్కనీలో, పిల్ల బస్సులో.

రోడ్డు పక్కన సైకిళ్ళకు విడిగా గీత గియ్యమని రోడ్ల కమిటీకి వెళ్ళాను. ముందు సైకిలువాళ్ళు మెరిసే కోట్లు తొడుక్కోవడం నేర్చుకోవాలన్నాడు అధ్యక్షుడు. అక్కర్లేదు, మామూలు ఆఫీసు బట్టల్లో వారమంతా సైకిల్ మీద వెళ్ళి చూపిస్తానన్నాను. చూపిస్తే గీత సంగతి ఆలోచిస్తాం, శుక్రవారం రమ్మన్నాడు.

నియమాలు: మెరిసేవి వద్దు. ఒంటికి అతుక్కునేవి వద్దు. ఆఫీసుకెళ్ళి మార్చుకోవడం వద్దు. చూసినవాళ్ళు ఈవిడ కూరలకు బయల్దేరింది అనుకోవాలి.

బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించాను. ఆడవాళ్ళ పంట్లాలకు జేబులుండవు, జేబులున్నట్టు కుట్లుంటాయి. ఇది కుట్రే. తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలి, సిగలోనా?

చివరికి నెగ్గినవి: బూడిదరంగు వదులు పంట్లాం, వెనక కాస్త పొడుగున్న నూలుచొక్కా (వంగినా వీపు బయటపడదు), మడమల్లేని బూట్లు. అద్దంలో అచ్చం మామూలు మనిషిని. ఎంత ఆనందం!

ఆ ఊపులో అట్టముక్క మీద నినాదం రాసి సైకిల్ వెనక కట్టాను: "సైకిలెక్కు. బట్టలు వదులు. బతుకు తేలిక."

మా అమ్మాయి చూసి, "అమ్మా, మధ్యలోది ఇంకోసారి చదువుకో" అంది.

చదువుకున్నాను. అద్భుతం.

సోమవారం

రోడ్డు నాకు దారిచ్చింది! కార్లన్నీ నా వెనక నెమ్మదిగా, మర్యాదగా. బస్సు డ్రైవరు నమస్కారం పెట్టాడు. లారీలోంచి ఎవరో ఈల వేశారు. ఒక్క చుక్క చెమట లేదు, ఒక్క మడత లేదు. ప్రజలు మారారు. నేనే వాళ్ళను తక్కువ అంచనా వేశాను.

మధ్యాహ్నం ఆఫీసులో పక్కబల్లావిడ వచ్చింది. మాకు వరస ఏమీ లేదు, ఒకర్నొకరం వదినా అనుకుంటాం. నవ్వి నవ్వి వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ఇంతకీ ఎప్పుడు విప్పుతారు వదినా?"

"ఏమిటి విప్పేది?"

"సైకిలెక్కమన్నారు, ఎక్కారు. బట్టలు వదలమన్నారు. రోడ్డంతా దానికోసమే కాచుకుని ఉంది."

వదులు అంటే బిగుతు కానిది అని అరగంట వాదించాను. ఎక్కు అన్నాక వదులు అంటే ఎవరికైనా ఏం తోస్తుందని ఆవిడ ఒకటే ప్రశ్న. జనానికి వ్యాకరణం రాకపోతే తప్పు నాదా?

అట్ట పీకేశాను. నాదే.

మంగళవారం

అట్ట లేదు, మర్యాదా లేదు. హారన్లు. ఒక కారు నన్ను కాలవ అంచుదాకా నెట్టింది. తప్పుకోబోతే పంట్లాం కాలు గొలుసులో పడింది. వదులుగా ఉందిగా, ఇష్టంగా నమిలింది. కుడికాలు మోకాలిదాకా మడిచి, గొలుసు మడ్డి అంటిన నల్లటి పిక్కతో మేనేజరుగారి మీటింగులో కూర్చున్నాను. కాలికి దెబ్బా అని ఆయన అడిగారు. వ్యవస్థకు దెబ్బ అన్నాను. మినిట్సులో రాసుకున్నారు.

బుధవారం

వాన. బస్సెక్కాను. వాన రోజు లెక్కలోకి రాదు, ఏ దేశపు ఉద్యమంలోనూ రాదు. హెల్మెట్ పెట్టుకునే కూర్చున్నాను, సంఘీభావంగా.

గురువారం

మెత్త కుట్టిన మెరిసే సైకిల్ నిక్కరు కొన్నాను. పంట్లాం లోపల వేసుకుంటే నియమానికి భంగం లేదు. లోపలి సంగతి నా అంతరాత్మకు సంబంధించింది.

బాతులా నడుస్తున్నావేమిటి అన్నాడు మా ఆయన. ఉద్యమాల నడక ఇలాగే ఉంటుందన్నాను. వీధి మలుపుదాకా వెళ్ళాను, వెనక కారు హారన్ కొట్టింది. దిగిపోయాను. మళ్ళీ బస్సు. నిక్కరు మాత్రం చాలా సుఖంగా ఉంది.

శుక్రవారం

మా ఆయన కారులో దిగాను. ఇస్త్రీ చీర. అధ్యక్షుడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"సైకిలేదమ్మా?"

బాగుచేయించడానికి ఇచ్చానని చెబుదామనుకున్నాను. ఇంతలో మా అమ్మాయి మోచెయ్యి గుర్తొచ్చింది. లోపలికెళ్ళి అందరి ముందూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. అట్ట, ఈలలు, గొలుసు, కాలవ అంచు. నిక్కరు తప్ప అన్నీ. కమిటీ మొత్తం బల్ల మీద తల పెట్టి నవ్వింది. నవ్వు ఆగాక అడిగాను.

"ఒక్క మాట తప్పుగా చదివితే ఊరంతా నాకు దారిచ్చింది. సరిగ్గా ఒక గీత గీస్తే ఇవ్వదా? సోమవారం, మంగళవారం వేసుకున్నది ఒకే పంట్లామండీ."

అధ్యక్షుడు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మా ఆఫీసు వీధి వరకు నెల రోజులు సుద్దగీత గీయించి చూస్తామన్నాడు, సోమవారం నుంచి. మీ డిమాండ్లేవో రాసివ్వండి అన్నాడు. పాపం, నాతో ఆ మాట అనకూడదు.

ఆదివారం

రేపట్నుంచి మళ్ళీ మొదలు. ఈసారి నిజంగా. పంట్లాం కొత్తది, కాలి దగ్గర ఎలాస్టిక్ ఉంది.

అమ్మాయి బాల్కనీలో చక్రాలకు గాలి కొడుతోంది. "నా సైకిల్ నాకిచ్చెయ్, నువ్వు వేరేది చూసుకో" అంది. ఏం వేసుకుని వెళ్తావని అడగబోయి నాలుక కరుచుకున్నాను. నల్లచొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టుకుంది.

డిమాండ్లు:

సుద్దగీత చెరిగేలోగా రంగుగీత వెయ్యాలి.

గీత మీద కారు నిలిపితే తీయించాలి, అది కమిటీవారిదైనా సరే.

ఆడవాళ్ళ పంట్లాలకు చెయ్యి పట్టే జేబులు కుట్టాలి.

ఆఫీసుల్లో నలిగిన చొక్కాను నలిగిన చొక్కాగానే చూడాలి.

దెబ్బ తగిలిన పిల్లను ఏం రంగు వేసుకున్నావని అడగకూడదు. కారాయన్ను ఎటు చూస్తున్నావని అడగాలి.