చీర మడతల్లో నా కథ

ధర్మవరం, మంగళవారం రాత్రి

పెనుకొండ సుజాతక్క తన చిన్న పత్రికలో నా మొదటి కథ వేసింది. హిందూపురం ప్రెస్సులో అచ్చయి వచ్చిన ఆ కథ కాగితాలు మొన్న నాకిచ్చింది. నా పేరు ఎక్కడుందో చదువురాని నాయనకు వేలుపెట్టి చూపించాను. కథ మాత్రం చదివి వినిపించలేదు.

ఈ సాయంత్రం చూస్తే కాగితాలు లేవు. మగ్గం మీంచి దించిన చీర మడతల్లో పెట్టి, నాయన మాకు పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారుకు ఇచ్చి వచ్చాడు.

"అవెందుకు పెట్టినావు నాయనా?"

"మడతల్లో కాయితం పెట్టేది ఉండేదే గదమ్మా. పాత పేపరెందుకని నీ పేరుండేది పెట్టినా. చూడనీ, నా బిడ్డ ఎంత చదివిందో!"

చీరలో లేని మరక చూపించి కూలి కోసే షావుకారు కథ అది. మా షావుకారు పేరు మార్చానుగానీ, మాటమాటకీ పొడుం పీల్చే అలవాటు అలాగే ఉంచాను. ఆయన పట్టు ఇవ్వనంటే మగ్గం ఆగిపోతుంది.

సుజాతక్కకు ఫోన్ చేశాను. "ఇంత భయపడేదానివి రాసేదెందుకే?" అంది. వాళ్లింట్లో మగ్గం లేదు.

నాయనకు చెబుదామని లేచాను. రేపు పట్టు తెచ్చుకోవడానికి వేసుకోవాలని ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకుంటున్నాడు.

"షావుకారు ఏమంటాడో వచ్చి చెప్తాలే పాపా" అని నవ్వుతూ పడుకున్నాడు.