అత్తాకోడళ్ల షెడ్డు

1వ తేదీ
ఉదయం 6:30. కోసిన అద్దాల కొలతలు రోజూ రాసుకునే పుస్తకం ఇది. ఇవాళ్టి నుంచి వెనక పేజీల్లో ఇంకో సంగతి కూడా రాస్తాను.

నిన్న కొత్త ట్రక్కు ఇంటికొచ్చింది. పాతదాని కంపెనీయే, పేరూ అదే. మధ్యలో ఇరవై ఎనిమిదేళ్ల తేడా. షోరూం నుంచి ఇంటికొచ్చేలోపు దానికి పదకొండు వంకలు పెట్టానట. మా అమ్మాయి లెక్కపెట్టింది. మామూలుగా నేను రోజుకి పదకొండు మాటలు మాట్లాడను.

మా ఆవిడ అంది: "అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు. మీరేమో ఇద్దర్నీ ఒకే షెడ్డులో పెట్టారు. ఒక్కమాట చెప్తున్నా. నేనుండగా పోలిక తెచ్చారంటే దిగి నడిచిపోతాను. అద్దం రెండో చివర కూడా మీరే పట్టుకోండి."

ఉత్తుత్తి బెదిరింపు కాదు. మా షాపులో ఉన్నదే ఇద్దరం. నేను కోస్తాను, బిగిస్తాను. ఆవిడ రెండో చివర పట్టుకుంటుంది. ఏడాదిగా ఆవిడ మోకాలు పాత బండి ఎక్కనివ్వడం లేదు. కొత్తదానికి తలుపు తీస్తే చాలు, మెట్టు దానంతటదే కిందికి దిగుతుంది. కొన్నది అందుకే.

నిర్ణయం: పదిహేను రోజులు దీన్ని పాతదానితో పోల్చను. పదహారో రోజున బామ్మర్ది వచ్చి పాతది తోలుకుపోతాడు. ఆ తర్వాత పోల్చడానికి ఏమీ మిగలదు.

సులువే! నోరు మూసుకోవడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

2వ తేదీ
కొత్తదాని మంచి గుణాలు:
1. మెట్టు.
2. వెనక్కి తోలేటప్పుడు వెనకున్నది తెర మీద కనపడుతుంది.
3. చల్లగా ఉంటుంది.
4. మెట్టు.
పోలికలు: సున్నా.

4వ తేదీ
9:15. ఇంజన్ చూద్దామని బానెట్ ఎత్తాను. నల్ల మూత కనపడింది. అది తీస్తే ఇంకో మూత. ఇంజన్‌కి ఇంత సిగ్గెందుకో!
ఇది పోలిక కాదు. వర్ణన.

5వ తేదీ
పాతదాన్ని షెడ్డులో స్టార్ట్ చేశాను. బ్యాటరీ దిగిపోకూడదు కదా. రెండు నిమిషాలు.

6వ తేదీ
పది నిమిషాలు. బామ్మర్దికి పాడైన బండి ఇస్తామా?

7వ తేదీ
ఇరవై ఐదు నిమిషాలు. లోపలే కూర్చుని టీ తాగాను.
అమ్మాయి తొంగిచూసింది. "నాన్నా, బ్యాటరీకి టీ కూడా పట్టిస్తున్నావా?"
ఇంకో గుక్క తాగాను. నోరు తెరిస్తే పోలిక వచ్చేది.

9వ తేదీ
అయిపోయింది.

ఆరడుగుల అద్దం, దర్జీ దుకాణానికి. వెనక చట్రంలో నిలబెట్టి బెల్టు బిగించాను. నాకు ఈ పని ఎవరూ నేర్పలేదు. చెవితో నేర్చుకున్నాను. బెల్టు వదులైతే అద్దం చట్రానికి తగిలి, పాత బండిలో ముందుకి టిక్కు టిక్కు మని వినపడేది. ఆపి, దిగి, బిగించేవాణ్ణి. కొత్తదాంట్లో కిటికీ అద్దాలు ఎత్తితే బయట ఉరుము ఉరిమినా తెలీదు. ఏమీ వినపడలేదు. హాయిగా వెళ్లాం.

తీరా దించబోతే అద్దం రెండు ముక్కలు.

దర్జీ గడ్డం గోక్కున్నాడు. "ఏంటన్నా, ఇద్దరు కస్టమర్లకి ఒకేసారి చూపిద్దామనా?"

తిరిగొచ్చే దారిలో నోరు జారింది. "అదే పాతదైతే..."

ఆవిడ నా వంక చూసింది. సిగ్నల్ దగ్గర తలుపు తీసింది. మెట్టు మర్యాదగా కిందికి దిగింది. ఆవిడా దిగింది.

నడక వేగంతో వెనకాలే తోలాను. తెర మీద ఆవిడ చుట్టూ ఎర్ర గీత వచ్చింది. ముందు మనిషి ఉందని బండి ఒకటే కూత. తెలుసు! ఆ మనిషి సంగతి నాకు నీకంటే బాగా తెలుసు!

10వ తేదీ
అద్దం మళ్లీ కోశాను. పాతదాంట్లోనే ఎక్కించాను. పంతం కాదు. అద్దం భద్రం ముఖ్యం.

8:40. ఆవిడ వచ్చింది. పైనున్న పిడి పట్టుకుంది. ఒకసారి ప్రయత్నించింది. రెండోసారి. మూడోసారి అక్కడే షెడ్డు మెట్టు మీద అటు తిరిగి కూర్చుండిపోయింది. నవ్వింది.
"నేను కాదండీ, మోకాలు వద్దంటోంది. మీరు వెళ్లిరండి."
ఆ నవ్వు నాకు నచ్చలేదు.

దారంతా ఒక్క టిక్కు లేదు. రెండో చివర దర్జీ పట్టుకున్నాడు. సూది పట్టే చేతులు. నేను సరే అనకముందే ఎత్తేశాడు. కొద్దిలో తప్పింది, లేకపోతే ఈసారి కూడా పగిలేదే. ఇవాళ్టికి వద్దని అద్దం వెనక్కి తెచ్చేశాను.

పాత బండిలో ముందు సీటు ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే బల్ల. అంత సీటూ నాకే. ఏం చేసుకోను?

12వ తేదీ
బామ్మర్దికి ఫోన్ చేశాను. పదహారు దాకా ఆగొద్దు, రేపే రమ్మన్నాను. ఎందుకని అడిగాడు. పని చూసుకోమన్నాను.

13వ తేదీ
వచ్చాడు. ఎక్కాడు. తాళం తిప్పాడు. బండి దగ్గి ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది.
"బావా, నీ బండి నన్ను గుర్తుపట్టడం లేదు!"

గుర్తుపట్టదు. యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కి, మూడు అంకెలు లెక్కపెట్టి, అప్పుడు తిప్పాలి. ఈ కిటుకు నాకొక్కడికే తెలుసు. గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను. చెప్పకపోతే బండి ఇక్కడే ఉండిపోతుంది.

నాలుగోసారి కూడా దగ్గింది. వరండాలో ఆవిడ మోకాలు రుద్దుకుంటూ కూర్చుని ఉంది.
చెప్పాను.
మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు వినపడింది. ఆ తర్వాత కూడా కాసేపు.

14వ తేదీ
దర్జీ అద్దం, మూడోసారి. కొత్త బండి. వెనక కిటికీ బొటనవేలంత తెరిచి పెట్టాను, చెవి కోసం. ఆవిడ పక్కన.

రెండు వీధులు దాటాక, కిటికీ వైపు చూస్తూ అంది: "పాతదాంట్లో అయితే..."
బండి పక్కకి తీసి ఆపేశాను.
"ఏమన్నావ్?"
"ఏం లేదు."
"అన్నావ్."
"సరే, అన్నాను. పాతదాంట్లో మీ పక్కనే కూర్చునేదాన్ని. మలుపొస్తే మీ మీద పడేదాన్ని. ఇప్పుడు మధ్యలో ఈ పెట్టె ఒకటి, గోడ కట్టినట్టు. మీ టేపు, పెన్సిలు, ఫ్లాస్కు దర్జాగా మీ పక్కన కూర్చున్నాయి. నేనేమో పక్కింట్లో ఉన్నట్టుంది."
"మొదటి రోజే చెప్పొచ్చుగా?"
"పోల్చొద్దన్నది నేనేగా! ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఈ బండికి ఇప్పటిదాకా ముప్పై ఒక్క వంకలు పెట్టాను. అందులో ఇది లేదు. వెంట్రుకవాసి తేడా కంటితో పట్టేసేవాణ్ణి.

"ఇప్పుడు నువ్వు దిగి నడుస్తావా?" అన్నాను.
"మోకాలు నొప్పి. ఈసారికి నా బదులు మీరు నడవండి."
"బండెవరు తోలతారు?"
"అందుకే, నోరు మూసుకుని పదండి."

11:20. అద్దం గోడకి బిగించాం. సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి అలవాటుగా ఇద్దరం ఎదురుగా నిలబడ్డాం. అద్దంలో ఇద్దరం. మధ్యలో ఏ పెట్టే లేదు.
"ఇది బాగుందన్నా, ఒక్క ముక్కే ఉంది," అన్నాడు దర్జీ.

15వ తేదీ
ఉదయం 7:30. మొదటి రోజు. మళ్లీ.
నిర్ణయం: పదిహేను రోజులు పోల్చం. ఈసారి ఇద్దరం. కింద సంతకాలు రెండు.
7:40. మధ్య పెట్టె కొలిచాను. వెడల్పు పద్నాలుగు అంగుళాలు. విప్పుదామంటే ఎక్కడా ఒక్క మర కూడా కనపడదు. అన్నీ మూతలే.
7:45. ఆవిడ తొంగిచూసింది. "పాతదాంట్లో అయితే నాలుగు మరలు విప్పితే సీటు సీటే ఊడొచ్చేది."
7:46. రేపు మొదటి రోజు.